సినిమాకు ఇచ్చారు, రచనకు ఇచ్చారు, దర్శకుడికే ఇవ్వలేదు

ప్రశ్న ఇది: "ఆస్కార్ చరిత్రలో ఒక్క నల్లజాతి దర్శకుడికీ ఉత్తమ దర్శకుడి అవార్డు రాలేదంటారు, నిజమేనా? ఇప్పుడు కోటాలు కూడా పెట్టారు కదా, అయినా ఎందుకు రావట్లేదు? ఆ స్థాయి సినిమా తీయకపోవడం వల్లేనా?" పైన ఒకరు "మంచి సినిమా తీస్తే ఎవరికైనా ఇస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సినిమా విద్యార్థులకు చాలాకాలంగా ఈ అవార్డుల చరిత్ర చెబుతున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపిక చేసుకుని చదవండి.

నిజమే. 1929లో మొదటి వేడుక జరిగింది మొదలు 2025 మార్చిలో జరిగిన 97వ వేడుక దాకా లెక్క తీస్తే, ఉత్తమ దర్శకుడి ఆస్కార్ అందుకున్న నల్లజాతి వ్యక్తి ఒక్కరూ లేరు. అప్పటికి నామినేషన్ దాకా వచ్చినవాళ్లే ఆరుగురు. ఆరుగురూ మగవాళ్లే. నల్లజాతి మహిళకు ఆ విభాగంలో నామినేషన్ కూడా దక్కలేదు. హాలీవుడ్ దర్శకుల సంఘం, అంటే డైరెక్టర్స్ గిల్డ్, ఏటా ఇచ్చే ప్రధాన ఫీచర్ సినిమా అవార్డుదీ ఇదే కథ.

అయితే "ఆస్కార్ గెలిచిన నల్లజాతి దర్శకుడే లేడు" అని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు. 'మ్యూజిక్ బై ప్రూడెన్స్' అనే షార్ట్ డాక్యుమెంటరీకి రోజర్ రాస్ విలియమ్స్ 2010లోనే గెలిచాడు. 2022లో 'సమ్మర్ ఆఫ్ సోల్' తీసిన క్వెస్ట్‌లవ్‌కు డాక్యుమెంటరీ ఆస్కార్ వచ్చింది. పాపం, ఆ అవార్డు ప్రకటించడానికి వేదికెక్కిన క్రిస్ రాక్‌నే విల్ స్మిత్ చెంప మీద కొట్టాడు. దాంతో క్వెస్ట్‌లవ్ గెలుపు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మీరడిగింది ఫీచర్ సినిమాల ఉత్తమ దర్శకుడి గురించి కాబట్టి అక్కడికే వస్తాను.

ఆరుగురిలో మొదటివాడు జాన్ సింగిల్టన్. 1992లో 'బాయ్స్ ఎన్ ద హుడ్'కు నామినేట్ అయ్యేనాటికి అతని వయసు 24. ఆ విభాగంలో అంత చిన్నవాడు అంతకుముందూ లేడు, ఆ తర్వాతా లేడు. ఆపైన 18 ఏళ్లు ఖాళీ. 2010లో లీ డేనియల్స్ ('ప్రెషస్'), 2014లో స్టీవ్ మెక్వీన్ ('ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్'), 2017లో బ్యారీ జెన్కిన్స్ ('మూన్‌లైట్'), 2018లో జోర్డన్ పీల్ ('గెట్ అవుట్'), 2019లో స్పైక్ లీ ('బ్లాక్ క్లాన్స్‌మన్'). వీళ్లలో మెక్వీన్ లండన్‌లో పుట్టి పెరిగినవాడు. కాబట్టి అమెరికా నల్లజాతి దర్శకులు అయిదుగురే.

ఈ ఆరుగురూ ఆ రాత్రి ఏం పట్టుకుని ఇంటికి వెళ్లారో చూడండి, అసలు సంగతి అక్కడుంది. సింగిల్టన్ దర్శకత్వానికీ, రచనకూ రెండింటికీ పోటీపడి వట్టి చేతులతో వెళ్లాడు. డేనియల్స్‌కు ఏమీ రాలేదు గానీ అతని సినిమా రచయిత జెఫ్రీ ఫ్లెచర్‌కు స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చింది. రచనకు ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి అతనే. మెక్వీన్ నిర్మాతల్లో ఒకడు కావడంతో ఉత్తమ చిత్రం ఆస్కార్ పట్టుకెళ్లాడు, రచయిత జాన్ రిడ్లీకి స్క్రీన్‌ప్లే ఆస్కార్ దక్కింది. జెన్కిన్స్‌కు స్క్రీన్‌ప్లే, పీల్‌కు స్క్రీన్‌ప్లే, స్పైక్ లీకి మరో ముగ్గురితో కలిపి స్క్రీన్‌ప్లే. 2024లో 'అమెరికన్ ఫిక్షన్' ఉత్తమ చిత్రం పోటీలో ఉంది, దర్శకుడు కార్డ్ జెఫర్సన్‌కు దర్శకత్వ నామినేషన్ లేదు, చివరికి ఇచ్చింది మళ్లీ స్క్రీన్‌ప్లేకే. నల్లజాతివాళ్ల కష్టాల కథలనే ఎగబడి మెచ్చుకునే తెల్ల మేధావుల మీద వెటకారం ఆ సినిమా. ఆస్కార్లు ఇచ్చే అకాడమీకి ఆ వెటకారం ఎంతవరకు తగిలిందో మరి!

'మూన్‌లైట్' సంగతి ఇంకా విడ్డూరం. ఆస్కార్ నిబంధనల ప్రకారం ఉత్తమ చిత్రం ప్రతిమ నిర్మాతల చేతికి వెళుతుంది. 2017 ఫిబ్రవరి 26 రాత్రి కవరు మారిపోయి ముందు 'లా లా ల్యాండ్' అని చదివి, ఆ జట్టు వేదిక మీద మాట్లాడుతుండగానే కాదు, 'మూన్‌లైట్' అని సరిదిద్దుకున్న గందరగోళం అందరూ చూశారు. ఆ గందరగోళంలో చాలామంది గమనించనిది ఏమిటంటే, ఆ ప్రతిమలు అందుకున్న ముగ్గురు నిర్మాతలూ తెల్లవాళ్లే. నల్లజాతి దర్శకుడు తీసిన, నల్లజాతి కుర్రాడి కథ. దర్శకుడికి మిగిలింది మాత్రం రచన ఆస్కారే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నల్లజాతి సినిమాలకు అకాడమీ అవార్డులు ఇవ్వడం లేదనలేం. విషయం ఎంత బరువైందో చూసి ఉత్తమ చిత్రం ఇస్తుంది, చెప్పిన మాట ఎంత గట్టిదో చూసి స్క్రీన్‌ప్లే ఇస్తుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో, షాట్ ఎంతసేపు ఆపాలో, నటుణ్ణి ఎంతవరకు కదలనివ్వాలో నిర్ణయించిన మనిషి దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

'ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్' చూసినవాళ్లకు ఉరి సన్నివేశం గుర్తుండే ఉంటుంది. కథానాయకుడు సాలమన్ మెడకు తాడు, తాడు చెట్టుకొమ్మకు. పూర్తిగా వేలాడడు. కాలి బొటనవేళ్లు మాత్రం బురదకు ఆనుతుంటాయి. జారితే ప్రాణం పోతుంది. మామూలు దర్శకుడైతే అక్కడ నటుడి మొహం క్లోజప్‌లో పెట్టి, వయొలిన్లు మోగించి, గబగబా కట్ చేసేవాడు. మెక్వీన్ కెమెరాను దూరంగా పెట్టి అక్కడే వదిలేశాడు. సంగీతం లేదు. బురదలో ఆ కాళ్ల కదలిక, గొంతులోంచి వచ్చే గరగర వినిపిస్తుంటాయి. వెనక గుడిసెల్లోంచి మిగతా బానిసలు ఒక్కొక్కరే బయటికి వచ్చి తమ పనులు తాము చేసుకుంటారు. ఒకామె బెదురుతూ వచ్చి నోట్లో కాసిన్ని నీళ్లు పోసి వెళ్లిపోతుంది. కాసేపటికి పిల్లలు అక్కడే ఆడుకుంటుంటారు. చూస్తున్న మనకు ఇక చాలనిపిస్తుంది, షాట్ మాత్రం తెగదు. బానిసత్వం అంటే కొరడా దెబ్బలే కాదు, పక్కనే ఒక మనిషి ఉరితాడుకు వేలాడుతుంటే మిగతావాళ్లు పనిచేసుకోవాల్సి రావడం కూడా అన్న సంగతి ఒక్క డైలాగ్ లేకుండా చెప్పాడు. స్క్రీన్‌ప్లే కాగితం మీద ఇదంతా రెండు మూడు లైన్లకు మించదు. ఇంత పని ఆ షాట్ చేత చేయించింది దర్శకుడు. క్లాసులో ఈ సీను వేసినప్పుడల్లా నేను విద్యార్థుల మొహాలే చూస్తుంటాను, తెర చూడను.

ఆ ఏడాది ఉత్తమ దర్శకుడు 'గ్రావిటీ' తీసిన అల్ఫాన్సో క్వారోన్. అదేమీ తక్కువ పని కాదు, అంతరిక్షంలో అంతంత పొడవు షాట్లు తీయడం అసామాన్యమే. కానీ ఆ సీజన్ అంతా ఒకటే తంతు. గోల్డెన్ గ్లోబ్‌లో డ్రామా విభాగంలో ఉత్తమ చిత్రం మెక్వీన్ సినిమాకు, దర్శకుడు క్వారోన్. బ్రిటన్ సినిమా అవార్డులైన బాఫ్టాలో కూడా చిత్రం అది, దర్శకుడు ఇతను. ఆస్కార్‌లోనూ అంతే. నిర్మాతల గిల్డ్‌లో అయితే రెండు సినిమాలకూ సమానంగా వచ్చి, ఆ అవార్డు చరిత్రలోనే మొదటిసారి ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

ఇలా చిత్రం ఒకరికి, దర్శకత్వం ఇంకొకరికి వెళ్లడానికి ఓట్ల లెక్కింపు పద్ధతి కూడా ఒక కారణం. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల కౌంటింగ్ టీవీలో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 2009 సినిమాల నుంచి ఉత్తమ చిత్రానికి ప్రాధాన్య ఓటు పెట్టారు. ఓటరు సినిమాలకు ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు వేయాలి. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగు సినిమాను ఎలిమినేట్ చేసి, ఆ ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. సగం దాటేదాకా ఇదే పని. అందువల్ల కొందరు నెత్తిన పెట్టుకుని కొందరు ఛీకొట్టే సినిమా కన్నా, ఎక్కువమంది రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో రాసే సినిమాకు లాభం. ఉత్తమ దర్శకుడికి ఈ గొడవ లేదు, ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే వాళ్లదే. అకాడమీ ఓట్ల సంఖ్య ఎప్పుడూ బయటపెట్టదు కాబట్టి ఇక్కడి నుంచి నా అంచనా: "ఇది ముఖ్యమైన సినిమా" అన్న గౌరవం 'ట్వెల్వ్ ఇయర్స్'కూ 'మూన్‌లైట్'కూ రెండో, మూడో ప్రాధాన్యాల్లో బాగా పనికొచ్చి ఉంటుంది. ఒకే ఓటు ఉన్న చోట మాత్రం ఓటరు కంటికి కనిపించే హంగుకు వేశాడు. 2014లో 'గ్రావిటీ', 2017లో 'లా లా ల్యాండ్' తీసిన డేమియన్ షజెల్ పాటలూ డాన్సులూ.

"అంటే ఓటర్లు తెల్లవాళ్లకే వేస్తారన్నమాట" అని తొందరపడొద్దు. 2014 నుంచి 2019 దాకా ఆరేళ్లలో అయిదుసార్లు ఈ అవార్డు మెక్సికన్లకే వెళ్లింది: క్వారోన్ రెండుసార్లు, ఇన్యారితూ వరసగా రెండుసార్లు, గిల్యెర్మో దెల్ తోరో ఒకసారి. తైవాన్‌లో పుట్టిన ఆంగ్ లీకి రెండుసార్లు వచ్చింది. 2020లో కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో, 2021లో చైనాలో పుట్టిన క్లోయీ జావ్ గెలిచారు. బయటి దేశం నుంచి వచ్చినవాణ్ణి గొప్ప దర్శకుడిగా ఒప్పుకోవడానికి హాలీవుడ్‌కు పెద్దగా ఇబ్బంది లేదు. తన ఇంట్లోవాళ్ల దగ్గరే ఇబ్బంది. ఎందుకంటే నల్లజాతివాళ్లు ఇన్నాళ్లూ హాలీవుడ్ కథలో వస్తువుగా ఉన్నారు, కథ చెప్పేవాళ్లుగా కాదు. 1915లో నల్లజాతివాళ్ల మీద హింసకు దిగిన తెల్లవాళ్ల ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను వీరులుగా చూపించిన 'బర్త్ ఆఫ్ ఎ నేషన్'ను సినిమా కళకు పునాది అని పాఠాల్లో చెప్పారు. 1919 నుంచే సొంతంగా సినిమాలు తీసి, ఊరూరా తిప్పి, నల్లజాతి ప్రేక్షకులకు చూపించిన ఆస్కార్ మిషో పేరు చాలాకాలం పాఠాల్లోకే రాలేదు. (అతని పేరుకూ ఈ అవార్డుకూ సంబంధం లేదు, కాకతాళీయం.) ఒక పెద్ద స్టూడియో నల్లజాతి దర్శకుడి చేతికి సినిమా అప్పగించడానికి 1969 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ దర్శకుడు అప్పటికే ఫొటోగ్రాఫర్‌గా ప్రపంచానికి తెలిసిన గోర్డన్ పార్క్స్.

నటీనటుల చరిత్ర చాలాసార్లు చెప్పుకున్నదే, క్లుప్తంగా ముగిస్తాను. 1940లో 'గాన్ విత్ ద విండ్' పనిమనిషి పాత్రకు హాటీ మెక్‌డానియల్ గెలిచింది. వేడుక జరిగిన హోటల్లోకి నల్లవాళ్లను రానివ్వరు కాబట్టి నిర్మాత ప్రత్యేకంగా అనుమతి అడగాల్సి వచ్చింది. ఆమెను సినిమా జట్టుతో కాకుండా గోడ వారన వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 2012లో ఆక్టేవియా స్పెన్సర్ గెలిచిందీ పనిమనిషి పాత్రకే. 1940కీ 2012కీ మధ్య ఎన్నో మారాయి, ఓటరుకు నచ్చే పాత్ర మాత్రం పెద్దగా మారలేదు.

ఇక గేటు ఎక్కడ పడుతుందో చూద్దాం. ఉత్తమ దర్శకుడి నామినేషన్లను అకాడమీలోని దర్శకుల శాఖ ఒక్కటే ఎంచుతుంది. ఆ అయిదు పేర్లు వచ్చాకే మిగతా వేలమంది సభ్యులు ఓటేస్తారు. అయిదు స్థానాలకు పోటీ కాబట్టి, పోలైన ఓట్లలో ఆరో వంతు కన్నా ఒక్కటి ఎక్కువ తెచ్చుకుంటే నామినేషన్ ఖాయం. ఆరువందల మంది ఓటేశారనుకుంటే 101 మంది చాలు. ఇంత చిన్న లెక్కలో పరిచయాలు, పాత స్నేహాలు, కలిసి పనిచేసిన సినిమాలు ఎంత పనిచేస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు, 2023లో నటుల శాఖలో గొడవ బయటపడేదాకా. అమెరికాలో థియేటర్లలో 27 వేల డాలర్లే వసూలు చేసిన ఒక చిన్న సినిమా నటి ఆండ్రియా రైస్‌బరో. ఆమె కోసం హాలీవుడ్ పెద్ద తారలు వరసగా పోస్టులు పెట్టారు, ప్రత్యేక ప్రదర్శనలు ఏర్పాటు చేశారు. అప్పటికి ఆ శాఖలో ఓటర్లు 1,302 మంది, అందరూ ఓటేసినా 218 మంది మొదటి పేరుగా రాస్తే సరిపోతుంది. నామినేషన్ వచ్చేసింది. అందరూ వస్తుందనుకున్న డానియెల్ డెడ్‌వైలర్‌కు ('టిల్'), వయోలా డేవిస్‌కు ('ద వుమన్ కింగ్') రాలేదు. ఈ రెండు సినిమాలకూ దర్శకులు నల్లజాతి మహిళలే, చినోన్యే చుక్వు, జీనా ప్రిన్స్-బైత్‌వుడ్. అకాడమీ విచారణ జరిపి, ప్రచారం తీరు మీద కొన్ని అభ్యంతరాలు చెప్పి నామినేషన్‌ను అలాగే ఉంచింది. రైస్‌బరో నటన బాగుంటుంది, అందులో నాకు పేచీ లేదు. ఫోన్ ఎత్తితే పలికే స్నేహితులు ఎవరికున్నారు అన్నదే ఇక్కడ ప్రశ్న.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. దర్శకత్వంలో హంగు చూపించాలంటే బడ్జెట్ కావాలి. నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ జీవితం మీద స్పైక్ లీ తీసిన 'మాల్కం ఎక్స్' 1992లో ఎడిటింగ్ దశలో ఉండగా ఖర్చు అంచనా దాటింది. సినిమా పూర్తవుతుందని పూచీ పడ్డ బాండ్ కంపెనీ డబ్బు ఆపేసి, పోస్ట్ ప్రొడక్షన్ నిలిపేసింది. స్పైక్ లీ తన పారితోషికంలో చాలా భాగం అందులోనే పెట్టేశాడు. అదీ చాలక ఓప్రా విన్‌ఫ్రీ, మైకేల్ జోర్డన్, మ్యాజిక్ జాన్సన్, జానెట్ జాక్సన్, ప్రిన్స్, ట్రేసీ చాప్‌మన్ లాంటివాళ్లకు ఫోన్లు చేశాడు. వాళ్లిచ్చింది అప్పూ కాదు, పెట్టుబడీ కాదు, ఉత్త విరాళం. మాల్కం ఎక్స్ పుట్టినరోజైన మే 19న ఆ సంగతి పత్రికలవాళ్లకు చెప్పాడు. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా, కాలం మారేకొద్దీ రంగులూ వెలుతురూ మారిపోయే సినిమా, వేలమంది జనం, మక్కాలో షూటింగ్. పెద్ద ఎత్తున దర్శకత్వం అంటే ఏమిటో అందులో కావలసినంత ఉంది. నామినేషన్లు రెండే: డెంజెల్ వాషింగ్టన్ నటనకు, రూత్ కార్టర్ దుస్తులకు. 2018లో 'బ్లాక్ పాంథర్' వచ్చేసరికి బడ్జెట్ అడ్డు తొలగింది. ఏడు నామినేషన్లు, మూడు అవార్డులు వచ్చాయి. రూత్ కార్టర్‌కు, ఆర్ట్ విభాగం చూసిన హానా బీచ్లర్‌కు వచ్చినవి ఆ విభాగాల్లో నల్లజాతివాళ్లు అందుకున్న మొదటి ఆస్కార్లు. దర్శకుడు ర్యాన్ కూగ్లర్‌కు ఆ సినిమాకు దర్శకత్వ నామినేషన్ లేదు. ఇలా బట్టలకు వచ్చింది, సెట్లకు వచ్చింది, సంగీతానికి వచ్చింది, ఉత్తమ చిత్రం పోటీలోనూ నిలిచింది. అవన్నీ ఒక్కచోటికి చేర్చిన మనిషి పేరే లేదు.

2015లో 'సెల్మా'కూ ఇలాగే జరిగింది. ఉత్తమ చిత్రం నామినేషన్, పాటకు అవార్డు. దర్శకురాలు ఏవా డువర్నేకు నామినేషన్ లేదు. ఆ సినిమాలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాలు వింటే అచ్చం ఆయనవే అనిపిస్తాయి, ఆయనవి కావు. ఆ ప్రసంగాల సినిమా హక్కులు అప్పటికే వేరేవాళ్ల దగ్గర ఉన్నాయి. అందుకని డువర్నే కూర్చుని ఆ లయ, ఆ విరుపు, ఆ సువార్త ధోరణి పట్టుకుని కొత్త ప్రసంగాలు రాసింది. ఆ ఏడాది నటన విభాగాల్లోని 20 మందీ తెల్లవాళ్లే కావడంతో ఏప్రిల్ రెయిన్ అనే ఆమె ట్విట్టర్‌లో మొదలుపెట్టిన హ్యాష్‌ట్యాగ్ 'ఆస్కార్స్ సో వైట్' ఊరంతా పాకింది. మరుసటి ఏడాది మళ్లీ 20కి 20.

అప్పటికి అకాడమీ అధ్యక్షురాలు చెరిల్ బూన్ ఐజాక్స్, ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి వ్యక్తి. 2012లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ సభ్యుల జాబితా జల్లెడ పడితే తేలింది ఇది: 94 శాతం తెల్లవాళ్లు, 77 శాతం మగవాళ్లు, సగం మంది వయసు 62 పైన, నల్లజాతివాళ్లు దాదాపు 2 శాతం. 2016 జనవరిలో అకాడమీ మహిళల సంఖ్యనూ, ఇతర జాతుల సభ్యుల సంఖ్యనూ 2020 నాటికి రెట్టింపు చేస్తామని ప్రకటించింది, చేసింది కూడా. ఒక్క 2016లోనే 683 మందిని పిలిచారు. ఎన్నడో ఒక సినిమా చేసి రిటైరైనవాళ్ల ఓటు హక్కు మీద కూడా పరిమితులు పెట్టారు. ఇది నిజంగా పనిచేసిన మార్పు. 'మూన్‌లైట్' గెలిచింది ఆ మరుసటి ఏడాదే.

ఇక మీరన్న కోటాలు. తెలుగు యూట్యూబ్‌లో దీని మీద జరిగిన ప్రచారం అంతా ఇంతా కాదు. ఉన్నది ఇది: 2020లో ప్రకటించి, 2024 వేడుక నుంచి తప్పనిసరి చేసిన నిబంధనలు. నాలుగు ప్రమాణాల్లో ఏవైనా రెండు పాటించాలి. ఒకటి తెర మీద పాత్రలు, కథ. రెండోది సాంకేతిక బృందం. మూడోది అవకాశాలు దొరకనివాళ్లకు జీతమిచ్చి శిక్షణ. నాలుగోది మార్కెటింగ్, పంపిణీ విభాగాల్లో ఎవరున్నారన్నది. మహిళలు, వికలాంగులు, స్వలింగ సంపర్కులు కూడా ఈ లెక్కలోకి వస్తారు. మూడు, నాలుగు ప్రమాణాలు పెద్ద స్టూడియో తన ఆఫీసులోనే పూర్తి చేసేసుకోవచ్చు, సినిమాలో ఒక్క మొహం మార్చక్కర్లేదు. తప్పనిసరైన మొదటి ఏడాదే 'ఆపెన్‌హైమర్' గెలిచింది, చూశారుగా. అన్నిటికన్నా ముఖ్యం, ఈ నిబంధన ఉత్తమ చిత్రానికి మాత్రమే. ఉత్తమ దర్శకుడికి ఎలాంటి కోటా లేదు. కాబట్టి "కోటా పెట్టినా రావట్లేదు" అన్న వాదనకు కాళ్లు లేవు.

మనకూ ఈ కథలో చిన్న వాటా ఉంది. 2023లో 'నాటు నాటు' గెలిచిన పాటల పోటీలో రిహానా పాడిన 'బ్లాక్ పాంథర్' రెండో భాగం పాట కూడా ఉంది. సభ్యత్వాన్ని ప్రపంచమంతటికీ విస్తరించకముందు ఒక తెలుగు పాట ఇంత దూరం వచ్చేదా అంటే నాకు అనుమానమే. ఆ ఏడాదే కీరవాణి, చంద్రబోస్, ఎన్టీఆర్, రామ్‌చరణ్, సెంథిల్‌కుమార్‌లకు సభ్యత్వ ఆహ్వానాలు వచ్చాయి. 2024లో రాజమౌళికి దర్శకుల శాఖ నుంచి వచ్చింది. అంటే పైన చెప్పిన ఆ చిన్న గదిలో, ఆ ఆరో వంతు లెక్కలో, ఇప్పుడొక తెలుగు దర్శకుడి పేరు కూడా ఉంది.

చివరిగా "ఆ స్థాయి సినిమా తీయకపోవడం వల్లేనా" అన్న ప్రశ్న. 1990లో స్పైక్ లీ 'డు ద రైట్ థింగ్' ఉత్తమ చిత్రం జాబితాలోనే లేదు. దర్శకత్వ నామినేషన్ కూడా లేదు. బ్రూక్లిన్‌లో ఎండ మండిపోయే ఒక రోజు, ఒక పిజ్జా దుకాణం, పోలీసు చేతిలో ఒక నల్లజాతి కుర్రాడి చావు. ఆ రాత్రి వేదిక మీద నటి కిమ్ బేసింగర్ ఎవరూ ఊహించని విధంగా ఆ సినిమా పేరెత్తి, అది జాబితాలో లేకపోవడం లోటని అందరి ముందూ అనేసింది. గెలిచింది ముసలి తెల్ల యజమానురాలికీ నల్లజాతి డ్రైవర్‌కూ కుదిరిన స్నేహం కథ, 'డ్రైవింగ్ మిస్ డైసీ'. దాని దర్శకుడికీ నామినేషన్ లేదులెండి. 2019లో స్పైక్ లీ మళ్లీ పోటీలో ఉంటే గెలిచింది తెల్ల డ్రైవర్, నల్లజాతి పియానో కళాకారుడి కథ 'గ్రీన్ బుక్'. ఎవరైనా ఎవరినైనా కారెక్కించుకుని తిప్పితే చాలు తాను ఓడిపోతానని ఆ రాత్రి విలేఖరుల దగ్గర లీ చమత్కరించాడు. ఈ రెండు జతల్లో ఏ సినిమాలను ఇవాళ ఫిల్మ్ స్కూళ్లలో పాఠంగా చెబుతున్నారో ఎవరినైనా అడిగి చూడండి.

చూడాలనుకుంటే 'డు ద రైట్ థింగ్'తో మొదలుపెట్టండి. తర్వాత 'మాల్కం ఎక్స్'. 'మూన్‌లైట్' మాత్రం ఫోన్‌లో చూడకండి, సముద్రంలో ఈత నేర్పే సీనులో కెమెరా నీటి మట్టానికే ఉంటుంది, ఆ నీళ్లు మన మొహాన కొట్టాలి. 'ట్వెల్వ్ ఇయర్స్' ఇంట్లో పిల్లలు పడుకున్నాక చూడండి. కాస్త ఓపిక ఉన్నవాళ్లకు చార్లెస్ బర్నెట్ 'కిల్లర్ ఆఫ్ షీప్', 1970లలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ వారాంతాల్లో తీసిన సినిమా. పాటల హక్కులకు డబ్బుల్లేక 2007 దాకా థియేటర్లలో సరిగా విడుదలే కాలేదు. బర్నెట్‌కు అకాడమీ 2017లో గౌరవ ఆస్కార్ ఇచ్చింది.